పేరు రాయని చీటీ

శుక్రవారం ఉపవాస కూటంలో
మనవుల డబ్బా తెరిచి చదివేది నేనే.
పాత బిస్కెట్ల డబ్బా, మూత మీద గుంటడి బొమ్మ సగం చెరిగిపోయింది.
మోకాళ్ల నొప్పులు, డీఎస్సీ రిజల్టు,
చెన్నైలో సెంట్రింగ్ పనికెళ్లి ఫోనెత్తని కొడుకు,
చూలు నిలవని గేదె,
అన్నీ ఒకే గొంతుతో చదువుతాను.
టెక్కలిలో నా గొంతుకి పేరుంది.
నా పేరు సువార్త.
అలాంటి పేరున్న మనిషి దగ్గర
చెడ్డ కబురు ఉండకూడదు కదా.

నిజానికి కబురంటూ ఏమీ లేదు.
ఎవరూ పోలేదు. ఎవరూ కొట్టలేదు.
మా ఆయన లారీ దిగితే ముందు నా పకోడీ పొట్లమే తీస్తాడు.
అయినా జాకెట్టుకి హుక్కులు కుడుతూ కుడుతూ
నాలుగో హుక్కు దగ్గర ఏడుపొచ్చేస్తుంది.
గంజి పొంగితే ఏడుపు.
పాప "అమ్మా, స్కేలేదీ" అంటే
రేకులు లేచిపోయేలా అరిచి,
గ్యాసు బండ వెనక నక్కి ఏడుపు.
ముఖం కడుక్కుని గేటు దగ్గర ఎవరడిగినా
దేవుని కృప, బాగున్నాం.

పాస్టరమ్మ మంచిదే.
"ఇంకొంచెం ప్రార్థించు" అంది.
ఇంకొంచెం అంటే ఎంత?
కొలతల టేపు నా మెడలోనే ఉంది,
ఆ అంగుళాలు దాని మీద లేవు.

ఒక వారం ఎడంచేత్తో రాశాను:
ఒక సహోదరికి కారణం లేకుండా ఏడుపొస్తోంది.
మడిచి, గేదెకీ డీఎస్సీకీ మధ్య దూర్చి,
వంతొచ్చినప్పుడు అదే గొంతుతో చదివాను.
"పాపం, ఎవరో" అంది మా అత్త.
అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను.

చెప్పుల దగ్గర సలోమమ్మ చెయ్యి పట్టుకుంది.
"నాకు సదువు రాదు, నీ రాత నాకేటి తెలుస్తాది.
గొంతు తెలీదేటే గుంటా."
మనవడు పరీక్ష తప్పి తలుపు గడియేసుకున్న ఏడు
వాణ్ని ఎక్కడికి తీసుకెళ్లిందో చెప్పింది.
"ఏడు రోడ్ల కాడ, జిరాక్సు కొట్టు మేడ మీద.
మందులిచ్చేది కాదే. కూకోబెట్టి ఇంటాది.
మంగలారం బేగెల్లు."

పట్నాయక్ గారి హైమవతి మేడం.
నుదుట బొట్టు, గోడకి అరసవల్లి క్యాలెండరు.
"నేను క్రిస్టియన్నండి" అన్నాను ముందే,
చెక్‌పోస్టులో కాగితం చూపించినట్టు.
ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.
"అయితే ఎలా ప్రార్థిస్తారో చెప్పండి."

చెప్పాను. పావుగంట పట్టింది.
పేర్లు, ఊళ్లు, జబ్బులు.
కింద జిరాక్సు మిషను ఒకే కాగితాన్ని మళ్లీ మళ్లీ తీస్తోంది.
"ఇందులో మీరెక్కడున్నారు?"
"ఆఖర్న ఉంటానండి.
'మమ్మల్ని కాపాడు' అంటాం కదా,
ఆ మమ్మల్నిలో."

ఆ గదిలో హుక్కులు లేవు, గంజి లేదు.
అయినా ఏడ్చాను.
ఆవిడ గడియారం చూడలేదు.
నేనే చూశాను, రెండుసార్లు.
"వచ్చేవారం లోపు ఒక్కసారి
నేను అని మొదలుపెట్టి చూడండి.
మీ ప్రభువుతోనే."

తిరుగు బస్సులో, మడపాం వంతెన మీద,
ప్రభువా, నేను
అన్నాను.
తర్వాతి మాట రాలేదు.
వంశధారలో నీళ్ల కంటే ఇసకే ఎక్కువుంది.
నరసన్నపేటలో పల్లీల కుర్రాడు ఎక్కాడు, దిగాడు.
కోటబొమ్మాళి దాటాక వచ్చింది:
అలిసిపోయాను.
ఆకాశానికి ఏమీ కాలేదు.
టెక్కలిలో దిగి కొత్తిమీర కొన్నాను.

బాగైపోయానని సాక్ష్యం చెప్పను.
మొన్న కూడా గంజి పొంగింది, ఏడ్చాను.
బండ వెనక్కి మాత్రం వెళ్లలేదు.
పాప చూసి, నా చేతిలో గరిటె తీసుకుంది.

ఈ శుక్రవారం డబ్బాలో పెన్సిలు రాత, ఎవరిదో:
ఆ ఏడుపొచ్చే సహోదరి ఎక్కడికైనా ఎల్లిందా
ఎల్తే అడ్రస్సు కావాలి.

చదివాను. ఆగాను.
చీటీ మడిచి, అదే గొంతుతో:
శ్రీకాకుళం, ఏడు రోడ్లు,
జిరాక్సు కొట్టు మేడ మీద, మంగళవారం.
మెట్లు ఇరుకు, గోడ పట్టుకుని ఎక్కాలి.
నేను వెళ్తున్నాను.

ఆమేన్ అనాలో లేదో ఎవరికీ తెలీలేదు.
మా అత్త నా వైపే చూస్తోంది.
వెనక వరసలోంచి
సలోమమ్మ అంది.